నా పేరు పెట్టుకున్న ఆడవాళ్లు

నా పేరు భానుమతి అనగానే ఎదుటివాళ్లలో ఏదో మార్పు వస్తుంది. యాభై దాటినవాళ్లయితే కాస్త సర్దుకుని కూర్చుంటారు, ఈవిడతో జాగ్రత్తగా మాట్లాడాలి అన్నట్టు. పాతికేళ్ల లోపు వాళ్లయితే నవ్వేసి "ఒక్కటే పీసా ఆంటీ?" అంటారు. ఎక్కడికి వెళ్లినా నాకంటే ముందు నా పేరు వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. విజయలక్ష్ములకి ఈ బాధ లేదు. మా క్లాసులో వాళ్లు ముగ్గురుండేవాళ్లు. ఎవరి దారిన వాళ్లు హాయిగా పెరిగి పెద్దయ్యారు. నేను మాత్రం ఎప్పుడూ ఎవరో ఒక భానుమతి తరఫున జవాబు చెప్పుకుంటూనే పెరిగాను.

అసలు నాకు పెట్టాల్సిన పేరు నాగరత్నం. మా నాయనమ్మ పేరు అది. తొలి ఆడపిల్లకి తండ్రి తల్లి పేరు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. కానీ మా నాన్నకి సినిమా భానుమతి అంటే పిచ్చి. నాన్న చీరాలలో బట్టల కొట్లో గుమాస్తా. నలుగురిలో నోరు మెదపని మనిషి, అమ్మ మాటకి ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. అలాంటి మనిషి నా బారసాల నాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాయమంటే చడీచప్పుడు లేకుండా 'భానుమతి' అని రాసేశాట్ట. నాయనమ్మకి చదువు రాదు. తన పేరే రాశాడనుకుని మురిసిపోతూ కూర్చుందిట. పంతులుగారు వంగి చూసి గట్టిగా చదివేసరికి ఇంట్లో గొడవ మొదలైంది. చివరికి పెద్దవాళ్లు కలగజేసుకుని 'నాగ భానుమతి' అని రాజీ కుదిర్చారు. ఆ 'నాగ' ఇప్పటికీ నా ఆధార్ కార్డులో ఉంది. నాయనమ్మ మాత్రం బతికున్నన్నాళ్లూ నన్ను రత్నం అనే పిలిచింది. ఆవిడ పట్టుదల ఆవిడది.

నాన్న పిచ్చికి కారణం సగం సినిమా, సగం ఊరు. "ఒంగోలు దగ్గర దొడ్డవరం అమ్మాయి. మన పక్కవాళ్లే" అనేవాడు, ఏదో దూరపు చుట్టరికం ఉన్నట్టు. భానుమతి తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతం తెలిసినవారు, కూతురికి మొదటి గురువు ఆయనే. 1939లో పుల్లయ్యగారు తీసిన 'వరవిక్రయం'లో కాళింది వేషంతో సినిమాల్లోకి వచ్చేటప్పటికి ఆ పిల్ల వయసు పధ్నాలుగు కూడా నిండలేదు. కట్నం పెళ్లి చేసుకోలేక ప్రాణం తీసుకునే ఆడపిల్ల వేషం. మగవాడెవరూ తన కూతుర్ని ముట్టుకునే సన్నివేశాలు పెట్టకూడదని తండ్రి షరతు పెట్టారని చెప్పుకునేవాళ్లు. అంత కట్టుదిట్టాల మధ్య వచ్చిన ఆ పిల్లే నాలుగేళ్లు తిరిగేసరికి 'కృష్ణప్రేమ' తీసేటప్పుడు అసిస్టెంటు డైరెక్టరు రామకృష్ణారావుగారిని ఇష్టపడి, 1943లో పెళ్లి చేసేసుకుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు నాన్న గొంతు తగ్గించేవాడు. కూతురికి వినబడాలనీ ఉండేది, వినబడకూడదనీ ఉండేది.

'మల్లీశ్వరి' 1951లో వచ్చినప్పుడు నాన్న స్కూల్ ఫైనల్ తప్పి ఖాళీగా ఉన్నాడు. ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు. రాత్రి అన్నాలయ్యాక పెరట్లో మంచం వాల్చుకుని మా అన్నయ్యకీ నాకూ ఆ కథ చెప్పేవాడు. వానకి తడిసి మల్లి, నాగరాజు ఒక సత్రంలోకి చేరతారు. అక్కడ మారువేషంలో కృష్ణదేవరాయలు, పెద్దన ఉంటారు. మల్లి వాళ్ల ముందు పాడి ఆడుతుంది. ఆమె బాగా ఆడిందని మెచ్చుకుంటే, ఆ మెప్పు తలకెక్కి నాగరాజు వేళాకోళానికి రాణివాసం పల్లకీ పంపించమని రాయలవారికి చెప్పండి అంటాడు. ఇక్కడికి వచ్చేసరికి నాన్న ఆగిపోయేవాడు. "చూశావా, నోటి దురద" అనేవాడు. తర్వాత పల్లకీ నిజంగానే వచ్చేస్తుంది. 'మనసున మల్లెల' మాత్రం పాడేవాడు కాదు. అది పాడటానికి తనకి అర్హత లేదని ఆయన నమ్మకం. 'పిలచిన బిగువటరా' ఒక్కటే, అదీ పల్లవి వరకే, సన్నగా తీసేవాడు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకి మొదట రాసిన పాటలు అవేనని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నాన్నకి రాసిందెవరో పట్టేది కాదు. పాడింది భానుమతి, అంతే.

రేడియోలో విజయవాడ కేంద్రం పెడితే పొద్దున్నే 'శరణం నీ దివ్య చరణం' వచ్చేది. అమ్మ కూడా గొంతు కలిపేది. నాన్నకి ఆ సినిమా కథానాయిక, అమ్మకి ఈ భక్తిపాట గాయని. ఇద్దరి మధ్యా ఆ ఒక్క విషయంలో పేచీ రాలేదు.

ఇక బళ్లో నాకు తగిలిన భానుమతి వేరు. దుర్యోధనుడి పెళ్లాం. 1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' వచ్చింది. రామారావుగారు తనే కర్ణుడు, తనే దుర్యోధనుడు, తనే కృష్ణుడు. అప్పుడు నేను ఎనిమిదో క్లాసు. సినిమా చాలా పెద్దది, ఇంటికి వచ్చేసరికి నడిరాత్రి అయింది. అందులో దుర్యోధనుడికీ భానుమతికీ ఒక డ్యూయెట్టు ఉంది, 'చిత్రం భళారే విచిత్రం' అని. భానుమతి ప్రభ. మర్నాటి నుంచి నా ప్రాణానికి వచ్చింది. మా వీధి మలుపు తిరగ్గానే ఏదో ఒక అరుగు మీంచి "చిత్రం" అని ఒక గొంతు, ఎదురు అరుగు మీంచి "భళారే" అని ఇంకో గొంతు. నేను తలొంచుకుని పుస్తకాలు గుండెకి హత్తుకుని నడిచేదాన్ని. ఒకరోజు ఒళ్లు మండి వెనక్కి తిరిగి "మీలో దుర్యోధనుడెవర్రా, ముందుకి రండి, తొడలు చూసుకుందాం" అన్నాను. ఆ వీధిలో మళ్లీ ఎవరూ పాడలేదు. ఆ సంగతి ఇంట్లో తెలిసి అమ్మ వీపు విమానం మోత మోగించింది. నాన్న మాత్రం ఆ రాత్రి నాకు మీగడ పెరుగు తన కంచంలోంచి తీసి వేశాడు.

బళ్లో ఆడపిల్లల వేళాకోళం ఇంకో రకం. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు కదా, 'మాయాబజార్'లో ఆ వేషం రేలంగిది కదా, ఆ లెక్కన నేను రేలంగికి తల్లిని. ఏడిపించేవాళ్లని అనడానికి లేదు, లెక్క సరిగ్గానే ఉంది.

ఈ భానుమతి గురించి అసలు సంగతులు నాకు కాలేజీలో తెలిశాయి. రెండో భాష సంస్కృతం తీసుకున్నాను. మా లెక్చరరుగారు పాఠం చెప్తూ చెప్తూ దారి తప్పడంలో దిట్ట. పరీక్షకి పనికొచ్చేవి ఆయన ఎంత చెప్పారో గుర్తు లేదు, దారి తప్పి చెప్పినవన్నీ గుర్తున్నాయి. హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి, "అమ్మాయ్, వ్యాసుడు నీకు పేరు పెట్టలేదు, తెలుసా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. ఇక ఆ గంటంతా అదే చెప్పారు.

శాంతిపర్వంలో నారదుడు ధర్మరాజుకి కర్ణుడి పరాక్రమం చెప్తూ ఒక స్వయంవరం కథ చెప్తాడు. కళింగరాజు చిత్రాంగదుడి కూతురు, ఊరు రాజపురం. ఆ పిల్ల వరసగా కూర్చున్న రాజుల పేర్లు వింటూ దుర్యోధనుడి ముందుకి వచ్చి, ఆగకుండా దాటి వెళ్లిపోతుంది. అది భరించలేక దుర్యోధనుడు ఆమెని రథం మీద ఎక్కించుకుపోతాడు. వెంటబడ్డ రాజులందర్నీ కర్ణుడు ఒక్కడే నిలవరిస్తాడు. కథ అక్కడితో కర్ణుడి మీదికి వెళ్లిపోతుంది. ఆ పిల్ల పేరేమిటో, రథం మీద ఏం చేసిందో ఒక్క ముక్క ఉండదు. ఆ కళింగ రాకుమారే భానుమతి అని తర్వాతి కథకులు కలుపుకున్నారు.

"దాటి వెళ్లిపోయింది" అని చెప్పి మాస్టారు బల్ల మీద వేలితో ఒక గీత గీశారు, రాజుల వరస అన్నట్టు. ఆ గీత వెంట ఇంకో వేలు నడిపించి ఒకచోట ఆపకుండా ముందుకి తోశారు. నా పేరింటావిడ మీద మొదటిసారి గౌరవం కలిగింది అప్పుడే. డ్యూయెట్టులో పూలు విసురుకుంటూ తిరిగే ప్రభని చూసి ఆవిడంటే ఇలాగే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈవిడ అసలు వద్దనుకుని ముందుకి నడిచిన మనిషి!

మళ్లీ ఆవిడ కనిపించేది స్త్రీపర్వంలో. అప్పుడూ పేరు లేదు, 'లక్ష్మణుడి తల్లి' అంతే. యుద్ధభూమిలో గాంధారి కృష్ణుడికి తన కోడలిని చూపిస్తుంది. ఆమె నెత్తుటిలో తడిసిన కొడుకు తల వాసన చూస్తుంది, ఇటు తిరిగి చేత్తో మొగుడి ఒళ్లు తుడుస్తుంది. ఆ కొడుకుని అభిమన్యుడు చంపాడు. అభిమన్యుడి చావుకి మనమందరం ఏడుస్తాం, నేనూ ఏడ్చాను. వాడు చంపిన పిల్లవాడికి తల్లి ఉందని ఎవరం గుర్తుపెట్టుకుంటాం? పైగా మనకి ఆ పిల్లవాడంటే రేలంగి, నవ్వు. నాకు తెలిసినంతలో తెలుగువాళ్లు ఆ తల్లీకొడుకులకి చేసినంత అన్యాయం ఎవరూ చేయలేదు. 'మాయాబజార్' ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వు ఆగదు, అది వేరే సంగతి.

ఆవిడకి భానుమతి అని పేరు పెట్టి రంగం మీదికి తెచ్చింది సంస్కృత నాటకకర్త భట్టనారాయణుడు, 'వేణీసంహారం'లో. రెండో అంకం అంతా ఆవిడదే. ఆవిడకి పీడకల వస్తుంది. ఒక ముంగిస నూరు పాముల్ని చంపిందని. ఆ కల కీడు తొలగడానికి తెల్లవారుతూనే పూజకి కూర్చుని చెలికత్తెలకి కల చెప్తుంటే, దుర్యోధనుడు చాటుగా వింటాడు. సంస్కృతంలో ముంగిసని నకులం అంటారు కదా, ఆయన మాద్రి కొడుకు నకులుడనుకుని, పెళ్లాం ఎవరితోనో మనసు పడిందని కుతకుతలాడిపోతాడు. సంగతి అర్థమయ్యాక సిగ్గుపడతాడు. సిగ్గుపడి ఏం చేస్తాడు? ఆవిడ పూజ పూర్తి కానివ్వకుండా సరసానికి దిగుతాడు. నూరు పాములు చచ్చాయని ఆవిడ చెప్పింది అక్షరాలా అలాగే జరిగింది. మగవాడు వినాల్సింది వినకుండా, వినకూడనిది విన్నాడు. మా ఇళ్లల్లోనూ ఇదే వరస కదా అని క్లాసులో వెనక బెంచీ వాళ్లం గుసగుసలాడుకున్నాం. మాలో అప్పటికి ఒకమ్మాయికే పెళ్లయింది, ఆ అమ్మాయే ఎక్కువ తల ఊపింది.

కానీ తమిళ దేశంలో చెప్పుకునే కథ దీనికి పూర్తిగా తలకిందులు. కర్ణుడూ భానుమతీ పాచికలాడుతుంటారు. దుర్యోధనుడు లోపలికి రావడం చూసి భానుమతి లేస్తుంది. కర్ణుడికి వెనక వీపు, ఆయన చూడలేదు. ఓడిపోతున్నానని లేచి పోతోందనుకుని చెయ్యి చాచి ఆపబోతే ముత్యాల సరం తెగి గదంతా ముత్యాలు దొర్లిపోతాయి. ఇద్దరూ కొయ్యబారిపోతారు. దుర్యోధనుడు వంగి, ఏరి ఇచ్చేదా, గుచ్చి కూడా ఇచ్చేదా అని అడుగుతాడు. ఒక కవి దగ్గర కల విని అనుమానపడ్డ మొగుడు, ఇంకో కవి దగ్గర కళ్లారా చూసి కూడా అనుమానపడడు. నాకు రెండూ నిజమేననిపిస్తుంది. పెళ్లయి నలభై ఏళ్లు కావస్తున్నదాన్ని, ఒకే మనిషి సోమవారం ఒకలా మంగళవారం ఒకలా ఉండటం చూశాను.

ఈ ముత్యాల ఘట్టం శివాజీ గణేశన్ 'కర్ణన్'లో ఉంది, 1964లో వచ్చింది. తెలుగులో 'కర్ణ' పేరుతో డబ్బింగు కూడా చేశారు. అందులో భానుమతి వేషం ఎవరిదనుకున్నారు? సావిత్రిది. మా అన్నయ్య ఈ సంగతి కనిపెట్టి ఏదో నిధి దొరికినట్టు నాకు ఉత్తరం రాశాడు. ఎందుకంటే 'మిస్సమ్మ' సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా. ఆ సినిమాలో మొదట మిస్సమ్మ భానుమతే. కొంత షూటింగు కూడా అయ్యాక చక్రపాణిగారితో మాటా మాటా వచ్చి ఆవిడ తప్పుకుంది. రెండో వేషానికి తీసుకున్న సావిత్రిని పైకి జరిపారు, సావిత్రి వేషం జమునకి వెళ్లింది. 1955లో విడుదలైంది, తర్వాత సంగతి తెలిసిందే. తను తప్పుకోబట్టే ఒక గొప్ప నటి దొరికిందని భానుమతి తర్వాత సంతోషంగానే అనేదని చెప్తారు. నాన్న మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు. 'మిస్సమ్మ' టీవీలో వేస్తే లేచి వీధి అరుగు మీద కూర్చునేవాడు. మేం నవ్వు ఆపుకోలేక "నాన్నా, రా, బృందావనం పాట వస్తోంది" అని పిలిస్తే, "ఇక్కడికి వినపడుతోందిలే" అనేవాడు. పాట మాత్రం పూర్తిగా వినేవాడన్నమాట.

సినిమాల్లో భానుమతి వేసిన వేషాల్లో నాకు 'చండీరాణి' అంటే ఇష్టం. గొప్ప సినిమా అని కాదు. 1953లో, ఇంకా ముప్ఫై ఏళ్లు నిండని ఆడది, తెలుగు, తమిళం, హిందీ మూడింటిలో ఒకేసారి ఆ సినిమాని డైరెక్టు చేసింది. అందులో రెండు వేషాలు తనవే. తెలుగులో ఆడవాళ్లు మెగాఫోను పట్టుకోవడం ఆవిడతోనే మొదలు. అదే ఏడాది మా అమ్మకి పెళ్లి. ఆవిడకి వీధి చివర కొట్టుకి ఒక్కతే వెళ్లి కొబ్బరికాయ తేవడానికి అనుమతి లేదు. సినిమా భానుమతికేమో కొడుకు పేరు మీద భరణీ పిక్చర్స్, మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో. ఒంగోలు పక్క పల్లెటూరి అమ్మాయికి మద్రాసులో సొంత స్టూడియో అంటే అప్పట్లో ఊహించడానికే కష్టం. నేను నేర్చుకున్న కాస్త సంగీతమూ ఈ పేరు చలవే. పేరు భానుమతి పెట్టి పాట రాకపోతే బాగుండదని నాన్న నన్ను ఒక మాస్టారి దగ్గర వేశాడు. మాస్టారు పేరు వినగానే హార్మోనియం మీంచి చేతులు తీసి, "నీ పేరు మీద ఒక రాగం ఉందే! దీక్షితులవారి పద్ధతిలో నాలుగో మేళం. పాడేవాళ్లు తక్కువ" అన్నారు. వినిపించమంటే ఆయన కాసేపు స్వరాలు వెతికి, రి, గ రెండూ దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉండే ఏదో వింతైన వరస వాయించారు. నాకు నచ్చలేదు. నా పేరున్నది ఒక్కటైనా మెత్తగా ఉండకూడదా అనిపించింది. 'బృహదంబా మదంబా' ఆ రాగంలోనే ఉందని చెప్పారు కానీ నా పాఠాలు అంతదాకా రాలేదు. వర్ణాల దగ్గరే పెళ్లి కుదిరింది.

పెళ్లిచూపులు 1985లో. 'మంగమ్మగారి మనవడు' వచ్చి ఏడాది కాలేదు. కోడి రామకృష్ణగారి సినిమా, మంగమ్మగా భానుమతి, మనవడు బాలకృష్ణ. ఊరూరా ఆడింది. ఏ ముసలావిడ గట్టిగా మాట్లాడినా మంగమ్మగారు అనేవాళ్లు. గుంటూరు నుంచి వచ్చిన పెళ్లివారిలో పెళ్లికొడుకు నాయనమ్మ కూడా ఉంది. పేరడిగింది, చెప్పాను. ఆవిడ పక్కకి తిరిగి, అందరికీ వినబడేలా, "ఏమే, పొగరుబోతు పిల్లలా లేదు కానీ పేరు మాత్రం గట్టిదే" అంది. నాన్న ముఖం పాలిపోయింది. తర్వాత పాట పాడమన్నారు. ఇలాంటి చోట అందరూ ఆశించేది 'మనసున మల్లెల'. నాన్న కూడా కళ్లతో అదే సైగ చేశాడు. నాకేం పట్టిందో, 'శ్రీ సూర్యనారాయణా మేలుకో' ఎత్తుకున్నాను, మంగమ్మగారి పాటే. ముసలావిడ తాళం వేయడం మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు "మాకు ఈ పిల్ల కావాలి" అని తనే తేల్చేసింది. మా ఆయనని ఎవరూ అడిగినట్టు లేదు. ఇప్పటికీ ఆయన అదే అంటారు.

మా అత్తగారు మాత్రం నా పేరుని చాలాకాలం నమ్మలేదు. ఆవిడకి కళ్లలో పొరలు వచ్చి ఆపరేషనుకి ముందు చదవడం కష్టంగా ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం నేను లైబ్రరీ పుస్తకం చదివి వినిపించేదాన్ని. ఒకసారి 'అత్తగారి కథలు' తెచ్చాను. ఆవకాయ కథ చదివాను. మడీ ఆచారమూ, పంతమూ, అమాయకత్వమూ అన్నీ ఉన్న అత్తగారు ఆవిడ. మా అత్తగారు మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. మూడో కథ నడుస్తుండగా "ఏదీ, ఆ పుస్తకం ఇటివ్వు" అంది. అట్టని కళ్లకి దగ్గరగా పెట్టుకుని పెద్దక్షరాలు కూడబలుక్కుంది. 'భానుమతి' దాకా చదివి నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి నా కాళ్లల్లో వణుకు పుట్టింది. "నేను కాదత్తయ్యా, సినిమా ఆవిడ, కింద రామకృష్ణ అని ఉంది చూడండి" అని ఎంత మొత్తుకున్నా, సాయంత్రం మా ఆయన వచ్చి సాక్ష్యం చెప్పేదాకా ఆవిడ కాఫీ తాగలేదు. ఆ తర్వాత మిగతా కథలన్నీ పట్టుబట్టి చదివించుకుంది. చివర్లో తన తీర్పు చెప్పింది: "ఆ కోడలు స్టూడియోల చుట్టూ తిరుగుతుంటే ఇల్లు కనిపెట్టుకుని ఉన్నదెవరు? ఆ అత్తగారేగా. పుస్తకం మీద ఆవిడ పేరు కూడా వెయ్యాలి." ఆ కథలకి అకాడమీ అవార్డు ఇచ్చినవాళ్లెవరికీ ఈ మాట తట్టి ఉండదు. అప్పటికి భానుమతిగారు మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాలుగా కూడా చేశారు. ఆవిడ నటి, గాయని, డైరెక్టరు, రచయిత్రి, పాఠాలు చెప్పే పంతులమ్మ. నేను అప్పుడు ఇద్దరు పిల్లలతో, ఒక అత్తగారితో, గ్యాస్ సిలిండరు కోసం నెలకి నాలుగు ఫోన్లు చేసుకుంటూ ఉన్నాను. పేరొక్కటే ఒకటి.

ఆవిడకి పద్మభూషణ్ వచ్చినప్పుడు నాన్న పేపరు కత్తిరించి ఉంచాడు. పద్మశ్రీ 1966లోనే వచ్చింది, "ఇంత ఆలస్యమా" అని ఆయన విసుగు. 2005 డిసెంబరు 24న ఆవిడ పోయారని టీవీలో చెప్పారు. సాయంత్రానికల్లా చుట్టాలంతా నాన్నకి ఫోన్లు చేసి పరామర్శించారు, ఇంట్లో మనిషి పోయినట్టే. ఆయన కూడా "ఆఁ, ఎనభై నిండాయిగా" అని అందరికీ ఓపిగ్గా సమాధానం చెప్పాడు.

తర్వాత ఓ పదేళ్లు నా పేరు కాస్త విశ్రాంతిగా ఉంది. కొత్త పిల్లలకి ఆ పేరు పెట్టేవాళ్లు లేరు. బ్యాంకులో టోకెన్ పిలిచినా ఎవరూ తలెత్తేవాళ్లు కాదు. 2017 జూలైలో 'ఫిదా' వచ్చింది, నా ప్రశాంతత పోయింది. అప్పటికి మేం హైదరాబాదులో ఉన్నాం. మా మేనకోడలు "అత్తా, నీ సినిమా వచ్చింది పద" అని లాక్కుపోయింది. బాన్సువాడ పిల్ల భానుమతి. ట్రాక్టరు, పొలం, చిన్నప్పట్నుంచీ తండ్రి గారాబం. ఆ వేషం వేసిన సాయిపల్లవిది తమిళ దేశం, అయినా తెలంగాణ యాస తన సొంత గొంతుతోనే చెప్పింది. తెలుగు పిల్ల సావిత్రి తమిళంలో భానుమతి అయింది, తమిళ పిల్ల తెలుగులో భానుమతి అయింది, లెక్క సరిపోయిందిలే అనుకున్నాను. ఆ పిల్ల తను ఒక్కటే పీసునని చెప్పే డైలాగుకి హాలంతా ఈలలు. మా మేనకోడలు అందరికీ వినబడేలా "ఇక్కడ ఇంకో పీసు ఉంది" అని నన్ను చూపించింది. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టారు. ఇంటర్వెల్‌లో ఒక కుర్రాడు సెల్ఫీ కూడా అడిగాడు. యాభై దాటినదాన్ని, అప్పుడు తెలిసింది నాకు నా పేరు మీద ఇంత గిరాకీ ఉందని.

ఆ సినిమాలో నాకు పట్టింది ఆ పిల్ల వాగుడు కాదు, పెంకితనం కూడా కాదు. అక్క పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లిపోయాక తండ్రి ఒంటరివాడవుతాడని, ఇష్టపడ్డవాణ్ణి కూడా కాదనుకునేంత మొండితనం. ఆడపిల్ల తండ్రిని వదిలి వెళ్లాలని ఎవరు చెప్పారు అని గట్టిగా అడుగుతుంది. మా అమ్మని అడిగితే శాస్త్రం చెప్పింది అంటుంది. కళింగ రాకుమారి ఒకరిని దాటుకుని నడిచింది, ఆమెని రథం మీద లాక్కుపోయారు. దొడ్డవరం భానుమతి తనకి నచ్చినవాణ్ణే చేసుకుంది. బాన్సువాడ భానుమతి నేను రాను, నువ్వే రా అంది. ముగ్గురిలో నాకు దగ్గరగా అనిపించేది మాత్రం మొదటావిడే, ఎందుకో చెప్పలేను. బహుశా ఆవిడ కథలో ఆవిడ మాట ఒక్కటీ లేదు కనక, నాకు తోచింది నేను పెట్టుకోవచ్చు కనక.

ఇప్పుడు మా అబ్బాయి కుటుంబం డాలస్‌లో ఉంటుంది. మనవడికి ఏడేళ్లు. వాళ్ల నాన్న వాడికి యూట్యూబులో మంగమ్మగారిని చూపించాడు, అప్పట్నుంచి వాడికి నాయనమ్మ అంటే కర్ర పట్టుకుని అరవాలి. ఆదివారం వీడియో కాల్‌లో "నాన్నమ్మా, స్కోల్డ్ మీ" అంటాడు. నేను కళ్లు పెద్దవి చేసి నాలుగు తిడతాను. వాడు కుర్చీలోంచి జారిపోయేంత నవ్వుతాడు. కోడలు వెనకనుంచి "అత్తయ్యా, ఇక్కడికే వచ్చేయండి, రోజూ తిడుదురుగాని" అంటుంది. ఈ మధ్య ఆ ఒత్తిడి ఎక్కువైంది. మా ఆయన సూట్‌కేసు అటక మీంచి దింపి దులిపి కూడా పెట్టారు. చలికాలం పోనివ్వండి, మామిడికాయ సీజను దాటనివ్వండి, ఆవకాయ కలిపాక చూద్దాం అంటూ నెట్టుకొస్తున్నాను. మంగమ్మగారికైతే మనవడు ఇంట్లోనే ఉన్నాడు, ఆవిడకేం, వీసా ఇంటర్వ్యూకి పొద్దున్నే ఆరింటికి వెళ్లి లైన్లో నిలబడే పని లేదు.